ఎదమీది అక్షరం

1878లో లండన్‌లో ఒక పసిపిల్లకు స్కార్లెట్ ఫీవర్ తగిలింది. ఒళ్ళంతా ఎర్రగా పేలిపోయే జ్వరం. పిల్లకు ఎనిమిదో ఏడు నడుస్తోంది. పేరు మేబెల్. తల్లి రాత్రీ పగలూ మంచం పక్కనే కూర్చుని చాకిరీ చేస్తోంది. పిల్ల తేరుకుంటోందో లేదో, ఇంటికి కాగితం వచ్చింది. ఈ తల్లి దగ్గర ఈ పిల్ల పెరగడానికి వీల్లేదని తండ్రి కోర్టుకెక్కాడు.

జడ్జి సర్ జార్జ్ జెస్సెల్ తండ్రి పక్షాన తీర్పిచ్చాడు. ఈమెకు దేవుడి మీద నమ్మకం లేదు, పిల్లకు మత బోధ చేయించదు, పైగా నలుగురూ నోటితో అనలేని పుస్తకం అచ్చు వేసింది. మర్యాదస్తులైన ఆడవాళ్ళు ఇలాంటి దానితో సావాసం చేయరు గనక పిల్లకూ ఆ మచ్చ అంటుతుందన్నది ఆయన తీర్పులోని సారం. తండ్రి మనిషి వచ్చాడు. జ్వరపు నీరసం ఇంకా వదలని పిల్ల గింజుకుంటూ కేకలు పెడుతుంటే ఎత్తుకుపోయాడు. తల్లి ఖాళీ గదుల్లో అటూ ఇటూ తిరిగి తిరిగి, చివరికి తానే జ్వరాన పడింది.

ఆ తల్లి పేరు అనీబిసెంట్. మదనపల్లెలో బీటీ కాలేజీ ఎక్కడంటే ఆటోవాళ్ళు కూడా దారి చెప్తారు. ఆ పేరులోని మొదటి అక్షరం ఈమెదే.

ఈమె కథ చదివినప్పుడల్లా నాకు మరో ఆడమనిషి గుర్తొస్తుంది. ఆమె నిజంగా బతికిన మనిషి కాదు, నథానియెల్ హాథార్న్ 1850లో అచ్చు వేసిన 'ది స్కార్లెట్ లెటర్' నవలలో నాయిక హెస్టర్ ప్రిన్. కథ 1640ల నాటి బోస్టన్‌లో జరుగుతుంది. ఊరంతా ప్యూరిటన్లు. పాపమన్నా నేరమన్నా వాళ్ళకు ఒకటే. మొగుడు దూరాన ఉండగా బిడ్డను కన్నది హెస్టర్. చంటిదాన్ని ఎత్తుకుని జైలు గుమ్మం దాటి, బజారు మధ్య అరుగు మీద మూడు గంటలు నిలబడింది. ఎదమీద ఎర్రగుడ్డతో కుట్టిన ఇంగ్లీషు 'ఏ' అక్షరం. అడల్టరీ అన్న మాటకు అది గుర్తు. బతికినన్నాళ్ళూ దాన్ని తీయకూడదు. బిడ్డ తండ్రెవరో చెప్పమని ఎంత నిలదీసినా ఆమె నోరు విప్పలేదు. ఆ తండ్రి ఊరంతా చేతులెత్తి మొక్కే యువ పాదిరి డిమ్స్‌డేల్. నిలదీసేవాళ్ళ వరుసలోనే నిలబడి ఆమెను ప్రశ్నించాడు. ముల్లు వచ్చి ఆకు మీద పడ్డా, ఆకు వెళ్ళి ముల్లు మీద పడ్డా చిరిగేది ఆకే అని మన పెద్దవాళ్ళు ఊరికే అనలేదు.

నవల్లో నన్ను వదలని ఘట్టం అరుగు మీదిది కాదు, గవర్నరు ఇంట్లోది. ఇలాంటి తల్లి దగ్గర పిల్ల చెడిపోతుంది, తీసేసుకుందామని గవర్నరూ పెద్దలూ ఆలోచిస్తారు. హెస్టర్ బిడ్డను పట్టుకుని పులిలా తిరగబడుతుంది. ఆమె పాపంలో పాలుపంచుకున్న పాదిరే ఆ పూట ఆమె తరఫున రెండు మాటలు చెప్పాడు. పిల్ల తల్లికి దక్కింది.

అనీబిసెంట్‌కు అలా చెప్పే పాదిరి లేడు. పిల్లను అడిగినవాడే పాదిరి.

ఆమె పుట్టింటి పేరు అనీ వుడ్. 1847 అక్టోబరు 1న లండన్‌లో పుట్టింది. ఐదేళ్ళకే తండ్రి పోయాడు. భక్తి మెండుగా ఉన్న పిల్ల. ఇరవయ్యో ఏట, 1867లో, ఫ్రాంక్ బిసెంట్ అనే పాదిరికిచ్చి పెళ్ళి చేశారు. ఒక కొడుకు డిగ్బీ, తర్వాత మేబెల్. కథ రాసి మొదటిసారి ముప్పై షిల్లింగులు సంపాదించినప్పుడు ఎగిరి గంతేసింది. పెళ్ళయిన ఆడదాని సంపాదన చట్ట ప్రకారం మొగుడి సొత్తని అప్పుడు తెలిసింది. 1871లో మేబెల్‌కు కోరింత దగ్గు ముదిరి ప్రాణం మీదికి వచ్చింది. వారాల తరబడి ఊపిరి కోసం కొట్టుకుంటున్న బిడ్డను చూస్తూ కూర్చున్న తల్లికి, ఏ పాపమూ ఎరగని పసిదానికి ఈ యాతన పెట్టే దేవుడు ఎలాంటివాడన్న ప్రశ్న పుట్టింది. పుట్టాక అది అణగలేదు. లింకన్‌షైర్‌లోని సిబ్సీ అనే పల్లెలో మొగుడు పాదిరి. పాదిరి పెళ్ళామే ప్రభువు భోజన సంస్కారం వేళకు లేచి బయటికి నడిచేది. ఒకరోజు ఖాళీ చర్చిలోకి వెళ్ళి తలుపేసుకుని, ఎదురుగా ఖాళీ బల్లలు పెట్టుకుని, వేదికెక్కి ప్రసంగించింది. తన గొంతులో ఉన్న బలమేమిటో తనకు తెలిసింది ఆ పూటే. దేశాలేలే మాటకారితనం వినేవాళ్ళెవరూ లేనిచోట మొదలైంది.

సంస్కారానికి వస్తావా, ఇల్లు వదులుతావా అన్నాడు మొగుడు. 1873లో ఇల్లు వదిలింది. కొడుకు తండ్రి దగ్గర, కూతురు తల్లి దగ్గర అని ఒప్పందం రాసుకున్నారు.

తర్వాత నాస్తికుడు చార్లెస్ బ్రాడ్‌లా పరిచయం, ఉపన్యాసాలు, పత్రిక. 1877లో ఇద్దరూ కలిసి 'ఫ్రూట్స్ ఆఫ్ ఫిలాసఫీ' అనే చిన్న పుస్తకం మళ్ళీ అచ్చు వేశారు. ఆరు పెన్నీల పుస్తకం. పేదింటి ఆడవాళ్ళు ఏటేటా కాన్పులతో చితికిపోకుండా కడుపు రాకుండా ఎలా చూసుకోవాలో చెప్పే వైద్యం అది. రాసినవాడు చార్లెస్ నోల్టన్ అనే డాక్టరు. ఇక్కడో విశేషం. నోల్టన్‌ది మసాచుసెట్స్, అంటే హెస్టర్ నిలబడ్డ బోస్టన్ ఉన్న రాష్ట్రమే. ఈ పుస్తకానికిగాను ఆయన అక్కడ మూడు నెలలు కఠిన శిక్ష అనుభవించాడు. ప్యూరిటన్ల అరుగు నీడ రెండు వందల ఏళ్ళ తర్వాత సముద్రం దాటి లండన్ దాకా సాగిందన్నమాట.

జూన్‌లో విచారణ జరిగింది. ఆమె తన కేసు తానే వాదించుకుంది. కడుపు రాకుండా చూసుకోవడం గురించి ఒక ఆడది నిండు కోర్టులో మగాళ్ళ ముందు రోజుల తరబడి మాట్లాడటం ఆ కాలానికి కనీవినీ ఎరగని సంగతి. పుస్తకం నీతిని చెరిచేదేననీ, అచ్చు వేసినవాళ్ళ ఉద్దేశంలో మాత్రం చెడు లేదనీ జ్యూరీ చెప్పింది. ఆరు నెలల జైలు, రెండు వందల పౌన్ల జరిమానా అన్నారు. మరుసటి ఏడు ఫిబ్రవరిలో అభియోగ పత్రంలోని లోపం వల్ల ఆ శిక్ష కొట్టుడుపోయింది. జైలు తప్పింది. ఆ తర్వాత కొద్ది నెలలకే ఆ జ్వరం, ఆ కాగితం.

హెస్టర్ ఎదమీది 'ఏ'కు అర్థం అడల్టరీ. అనీబిసెంట్ పేరు మీద వేసిన 'ఏ'కు అర్థం ఏథీయిస్ట్, నాస్తికురాలు. గుడ్డమీద కుట్టలేదు గానీ తీర్పు కాగితంలో రాశారు.

పిల్లల్ని అప్పుడప్పుడు చూసి రావచ్చునని పై కోర్టు వెసులుబాటు ఇచ్చింది. ఆ చూపులు కూడా గొడవలతో పిల్లల్ని నలిపేస్తుంటే, ఆమె వాటినీ వదులుకుంది. వయసు వచ్చాక వాళ్ళే రావాలి, అంతదాకా ఎదురు చూస్తానంది. వాళ్ళు వచ్చారు. డిగ్బీ, మేబెల్ ఇద్దరూ పెద్దయ్యాక తల్లిని వెతుక్కుంటూ వచ్చారు. అయితే జడ వేయాల్సిన పిల్ల పెళ్ళీడుకొచ్చి గుమ్మంలో నిలబడితే మధ్యలోని ఏళ్ళు తిరిగొస్తాయా?

ఆ మధ్య ఏళ్ళలో ఆమె ఊరికే కూర్చోలేదు. 1888లో బ్రయంట్ అండ్ మే అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో ఆడపిల్లల దుస్థితి మీద వ్యాసం రాసింది. వెయ్యిమందికి పైగా పిల్లలు సమ్మెకు దిగితే వాళ్ళ వెనుక నిలబడింది. ప్లేగు నాడూ కాటకం నాడూ రోగుల గడప తొక్కిన హెస్టర్‌ను చూసి బోస్టన్ జనం ఆ 'ఏ'కు సమర్థురాలని కొత్త అర్థం చెప్పుకున్నట్టే, లండన్ కూలివాడల్లోనూ ఈమె పేరు మారింది. 1889లో దివ్యజ్ఞాన సమాజ స్థాపకుల్లో ఒకరైన బ్లావట్‌స్కీ పుస్తకం చదివి ఆ సమాజంలో చేరింది. నాస్తికురాలు ఆస్తికురాలైంది. పాత స్నేహితులు వెలివేశారు. అప్పుడు దేవుణ్ణి కాదన్నందుకు, ఇప్పుడు దేవుణ్ణి ఒప్పుకున్నందుకు. 1893 నవంబరులో ఇండియా వచ్చింది. 1907లో సమాజానికి అధ్యక్షురాలు. మద్రాసులో సమాజ కేంద్రమైన అడయారులో అందరూ పిలిచే పేరు అమ్మ.

మన పలకమీద మొదటి అక్షరం అదే. అ అంటే అమ్మ.

మా సీమలో ఆడదాని అవమానానికీ ఆరాధనకూ మధ్య పెద్ద దూరం ఉండదు. పుంగనూరులో సుగుటూరు గంగమ్మ జాతర చూసినవాళ్ళకీ, కుప్పంలో తిరుపతి గంగమ్మ శిరస్సు ఊరేగింపు వెంట నడిచినవాళ్ళకీ ఇది తెలుసు. మనసు ఒక్క క్షణం చలించిందని తల తెగిన రేణుకమ్మ దేవతైంది. మదనపల్లెకు దగ్గర్లోని తరిగొండలో, భర్త పోయినా జుట్టు తీయించుకోనని, బొట్టు చెరపనని నిలబడ్డ వెంగమాంబను ఊరి పెద్దలు ఎన్ని మాటలన్నారో కథలు కథలుగా చెప్తారు. మదనపల్లెలో సుబ్రహ్మణ్యశాస్త్రి అనే గురువు దగ్గర ఆమె యోగం నేర్చిందనీ అంటారు. ఈరోజు తిరుమల కొండ మీద వేలమంది అన్నం తినే భవనానికి ఆ వెంగమాంబ పేరే పెట్టారు. తిట్టిన పెద్దల పేర్లు ఎవరికీ గుర్తులేవు.

అనీబిసెంట్ కథ ఇక్కడితో ఆగిపోతే ఇది కూడా అలాంటి కథే అయ్యేది. పాపమన్నారు, పరిహారం చేసుకుంది, అమ్మ అయింది, హారతివ్వండి. కానీ మదనపల్లె ఆ సుఖాంతం ఒప్పుకోదు.

ఎందుకంటే మదనపల్లెలో జిడ్డు నారాయణయ్య అనే రెవెన్యూ ఉద్యోగి కాపురముండేవాడు. తాసీల్దారు దాకా ఎదిగాడు. 1882 నుంచీ దివ్యజ్ఞాన సమాజంలో సభ్యుడు. 1895 మేలో ఆయనకు ఎనిమిదో సంతానంగా మగపిల్లవాడు పుట్టాడు. ఎనిమిదోవాడు గనక కృష్ణుడి పేరు పెట్టుకున్నారు, కృష్ణమూర్తి. అప్పటికి మదనపల్లె కడప జిల్లాలో ఉండేది. చిత్తూరు జిల్లా 1911లో గానీ ఏర్పడలేదు. పిల్లవాడికి పదేళ్ళప్పుడు, 1905లో, తల్లి సంజీవమ్మ కడపలో పోయింది. నారాయణయ్య పింఛను మీద దిగాక, తల్లిలేని నలుగురు మగపిల్లల్ని ఎలా పెంచాలో తెలియక అడయారులో చోటివ్వమని అనీబిసెంట్‌కు ఉత్తరాల మీద ఉత్తరాలు రాశాడు. ఆమె మొదట వద్దంది. చివరికి ఒప్పుకుంది. 1909 జనవరిలో పిల్లల్ని తోలుకుని వచ్చి, ఆవరణ బయట పాడుబడ్డ చిన్న ఇంట్లో దిగాడు. బక్కచిక్కిన కొడుకులు, సాయంత్రాలు సముద్రంలో ఆటలు.

అక్కడే సమాజం పెద్దల్లో ఒకడైన సి.డబ్ల్యు. లెడ్‌బీటర్ కళ్ళు కృష్ణమూర్తి మీద పడ్డాయి. రాబోయే జగద్గురువు ఈ పిల్లవాడేనన్నాడు. ఆ ఏడు నవంబరులో అనీబిసెంట్ పిల్లవాణ్ణి మొదటిసారి చూసింది. 1910 మార్చిలో కృష్ణ, తమ్ముడు నిత్యానంద ఇద్దరికీ ఆమే సంరక్షకురాలని నారాయణయ్య సంతకం చేశాడు.

తల్లి పోయిన పిల్లలకు అమ్మ దొరికింది. కూతుర్ని పోగొట్టుకున్న అమ్మకు పిల్లలు దొరికారు. ఆమె ప్రేమ గురించి కృష్ణమూర్తి జీవితాంతం ఒక్క మాట తేలిగ్గా అనలేదు. అదీ నిజమే. కానీ తండ్రి అనేవాడు ఒకడున్నాడు.

కొడుకును సామాన్య మనిషిగా కాక దేవుడిగా చేయడం నారాయణయ్యకు మింగుడు పడలేదు. లెడ్‌బీటర్ మీద ఆయనకు నమ్మకం లేదు. 1906లో ఒకసారి అపవాదు వచ్చి సమాజం నుంచి తప్పుకున్న మనిషి. పిల్లల్ని ఆయన దరిదాపులకు పోనివ్వొద్దని పట్టుబట్టాడు. వాళ్ళను ఇంగ్లండు తీసుకుపోయారు. 1912లో నారాయణయ్య దావా వేశాడు, నా పిల్లలు నాకు కావాలని. అది మద్రాసు హైకోర్టుకు చేరింది.

ఈసారి కూడా కోర్టులో తండ్రే వాది. పిల్లల్ని అట్టిపెట్టుకున్న ఆడమనిషి ప్రతివాది. ముప్పై ఐదేళ్ళ కిందట లండన్‌లో లాగే ఆమె తన కేసు తానే వాదించుకుంది. తండ్రి తరఫున యువ వకీలు సి.పి. రామస్వామి అయ్యర్. ఎదురుగా కూర్చున్న నారాయణయ్యను చూసినప్పుడు, ఖాళీ గదుల్లో తిరిగిన తన రాత్రులు ఆమెకు గుర్తొచ్చాయా? ఆ మాట ఎక్కడైనా రాసి ఉంటుందేమోనని నేను వెతికాను. నాకు కనబడలేదు.

1913 ఏప్రిల్‌లో జస్టిస్ బేక్‌వెల్ పిల్లల్ని తండ్రికి అప్పగించమన్నాడు. నారాయణయ్య చేసిన దారుణమైన ఆరోపణలు రుజువు కాలేదంటూ ఖర్చులు మాత్రం ఆయన మీదే వేశాడు. పింఛను మీద బతికే మనిషి మీద. అప్పీలులోనూ ఆమె ఓడింది. లండన్‌లోని ప్రివీ కౌన్సిల్‌కు వెళ్ళింది. 1914 మేలో ప్రివీ కౌన్సిల్ మద్రాసు తీర్పు కొట్టేసింది. పిల్లలు ఇంగ్లండులో ఉండగా మద్రాసు కోర్టు ఇలా తేల్చడం కుదరదంది, వాళ్ళ ఇష్టమేమిటో అడగలేదంది. మేబెల్‌ను లాక్కున్న మహానగరమే నారాయణయ్య పిల్లల్ని ఆమెకు ఇచ్చింది. మేబెల్ ఇష్టం ఆనాడు ఎవరడిగారు? కేకలు పెట్టింది కదా, అదే ఆ పిల్ల సాక్ష్యం.

హాథార్న్ హెస్టర్‌ను ఈ పరీక్షకు నిలబెట్టలేదు. ఆమె నవల చివర్లో యూరపు నుంచి ఒంటరిగా తిరిగొచ్చి, ఎవరూ పెట్టుకోమనని ఆ ఎర్ర అక్షరాన్ని మళ్ళీ తనే ఎదమీద పెట్టుకుంటుంది. గుండె పగిలిన ఆడవాళ్ళు సలహాకు ఆమె గుడిసెకు వస్తారు. చనిపోయాక డిమ్స్‌డేల్ పక్కన పూడుస్తారు. రెండు సమాధులకూ ఒకటే రాయి, దాని మీద అదే అక్షరం. హెస్టర్ బాధ పడింది గానీ ఆ బాధతో ఇంకొకరిని గాయపరచలేదు. నవలాకారుడి దయ అది. బతుకు అనీబిసెంట్ మీద ఆ దయ చూపలేదు. ఆమె పాపమని లోకం అన్నది పాపం కాదని ఈనాడు మనకు తెలుసు. పేదరాలికి వైద్యం చెప్పడం పాపమా? నిజంగా ఆమె వల్ల జరిగిన అన్యాయానికి మాత్రం ఏ అక్షరమూ ఎవరూ కుట్టలేదు. గెలిచింది గనక.

కేసు గెలిచిన మరుసటి ఏడే, 1915లో, మదనపల్లెలో కాలేజీ మొదలైంది. నారాయణయ్య కాపురమున్న ఊరిలో. ఆయనకు ఆ వార్త ఎలా తగిలిందో! కాలేజీ మాత్రం గొప్పదైంది. జేమ్స్ కజిన్స్ ప్రిన్సిపాల్‌గా ఉండగా రవీంద్రనాథ్ టాగూరు వచ్చాడు. 1919 ఫిబ్రవరి 28న ఇక్కడే జనగణమనను ఇంగ్లీషులోకి తెచ్చుకున్నాడు. కజిన్స్ భార్య మార్గరెట్ స్వరం కట్టింది. అనీబిసెంట్ హోమ్‌రూల్ నడిపి 1917లో ఊటీలో నిర్బంధంలో ఉంది. బయటికొచ్చి ఆ ఏడు డిసెంబరులో కలకత్తా కాంగ్రెస్‌కు అధ్యక్షత వహించింది. ఆ పీఠమెక్కిన మొదటి స్త్రీ ఆమే. ఇదంతా చరిత్ర పుస్తకాల్లో ఉంది, నేను మళ్ళీ చెప్పనక్కర్లేదు.

నారాయణయ్య 1924లో పోయాడు. 1925 నవంబరులో నిత్య అమెరికాలోని ఓహాయ్‌లో క్షయతో కన్నుమూశాడు. క్షయ వైద్యం కోసం దేశం నలుమూలల నుంచీ జనం వచ్చిన ఆరోగ్యవరం ఆసుపత్రి మదనపల్లె పక్కనే ఉంది. ఆ ఊళ్ళో కాపురమున్న తండ్రి కొడుకు వేల మైళ్ళ అవతల అదే రోగంతో పోయాడు.

1929 ఆగస్టు 3న హాలెండ్‌లోని ఓమ్మెన్‌లో కృష్ణమూర్తి మూడు వేల మంది ముందు నిలబడి, తన కోసం కట్టిన సంఘాన్ని రద్దు చేశాడు. జగద్గురువును కాను, నాకు శిష్యులు అక్కర్లేదన్నాడు. ఎనభై ఒక్క ఏళ్ళ అమ్మ ఎదురుగా కూర్చుని విన్నది. పడుచు వయసులో సిబ్సీ చర్చిలో ఆమె వదిలేసింది ఏదో, ఇరవై ఏళ్ళు పెంచిన కొడుకు నిండు సభలో వదిలేసింది కూడా అదే. ఆమె కోప్పడలేదు. ఆ తర్వాత మనిషి వేగంగా తగ్గిపోయింది, మతి తప్పింది. 1933 సెప్టెంబరు 20న అడయారులో ఊపిరి వదిలింది. అక్కడే దహనం చేశారు. నాస్తికురాలిగా కూతుర్ని పోగొట్టుకున్న మనిషి హిందువుల ఆచారంలో చితి మీద కాలిపోయింది.

మదనపల్లె వచ్చినప్పుడు బీటీ కాలేజీ చూడండి. టాగూరు పాడిన చోటని ఎవరైనా చూపిస్తారు. అక్కడితో ఆగకుండా కృష్ణమూర్తి పుట్టిన ఇంటికి కూడా వెళ్ళిరండి. అది నారాయణయ్య కాపురమున్న ఇల్లు.